ఎర్రడేగను దించిన చేయి

చంద్రిణీ నది కొండల ఒడి దిగి మైదానంలోకి మళ్ళే చోట మోకులపట్నం ఉంది. దూరంనుంచి వచ్చేవాడికి అది ఊరులా కనిపించదు. ఎవడో మహాకాయుడు నది ఒడ్డున మగ్గం బిగించి, నేత సగంలో అన్నానికి లేచిపోయినట్టుంటుంది. కప్పునుంచి కప్పుకు తాళ్ళు, గుంజనుంచి గుంజకు తాళ్ళు, ఏనుగు తొండమంత మోకులు, ముత్యాల హారం గుచ్చడానికి పనికొచ్చే సన్నని పేటలు. ఎండ పడితే ఊరంతా తేనెరంగులో మెరుస్తుంది. గాలి వీస్తే ఊరంతా కూనిరాగం తీస్తుంది. అక్కడి తాడు కొన్నవాడు ఏనుగు తప్పించుకుంటుందేమోనని ఎన్నడూ బెంగపడలేదు.

అలాంటి ఊళ్ళో, నడిపొద్దు ఎక్కుతున్న వేళ, రత్నకూట రాజ్యానికి యువరాజైన జయకేతు గోచీ బిగించి, తలకు మాసిన గుడ్డ చుట్టి, మల్లడనే పేరు పెట్టుకుని, కూలివాడై జనపనార పేనుతున్నాడు. కత్తిపిడి పట్టి కాయలు కాచిన అరచేతులు నారముందు ఓడిపోయి బొబ్బలెక్కాయి. పక్కన పేనుతున్న పదేళ్ళ పిల్లలు అతని పేట చూసి నవ్వుకుంటున్నారు. కోటలో అతన్ని చూసి నవ్వడానికి మంత్రులకే ధైర్యం లేదు.

ఇంతటివాడికి ఈ అగచాట్లు ఎందుకయ్యా అంటే, ఒక జెండా వల్ల.

తండ్రి పోయి ఏడాది నిండింది. మరి మూడు రోజుల్లో జయకేతు పట్టాభిషేకం. ఆ రోజున తన తాత ప్రతాపకేతు ఎగరేసిన ఎర్రడేగ జెండాను ఇనప్పెట్టెలోంచి తీసి, అరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ ఎగరేస్తానని అతను నిండుసభలో మాట ఇచ్చాడు. కొండసీమ పొంగిపోయింది. పొంగదా మరి, ఆ జెండా కిందే కదా ఏడు వందలమంది కొండవీరులు పులికనుమలో నిలబడి, దండెత్తి వచ్చిన నలభై వేల మరువసేనను పదమూడు రోజులు ఆపి, ఒక్కడు మిగలకుండా నేలకొరిగింది. ఆ పాట రాని పసివాడు కొండసీమలో లేడు. జయకేతు ఉయ్యాలలో విన్న మొదటి పాట కూడా అదే.

మోకులపట్నం ఉన్న ఏటిసీమనుంచి మాత్రం ఒక్క ముక్క కబురొచ్చింది. ఆ జెండాకు మేము తాడు ఇవ్వం, అని.

రత్నకూటంలో పట్టాభిషేక ధ్వజానికి మాను కొండసీమది, తాడు ఏటిసీమది. తరతరాల ఆచారం. రెండు సీమలూ కలిస్తేనే జెండా లేస్తుంది, జెండా లేస్తేనే కిరీటం తలకెక్కుతుంది. సైన్యాన్ని పంపి తాడు గుంజుకొద్దామన్నారు కొందరు మంత్రులు. జయకేతు ఒప్పుకోలేదు. ఎవడో దుర్మార్గుడు అమాయకులైన ఏటివాళ్ళకు విషం నూరిపోస్తున్నాడని, తానే వెళ్ళి వాడి పీక పట్టుకుంటానని, ఎవరికీ చెప్పకుండా మారువేషంలో బయల్దేరాడు. వచ్చి నాలుగు రోజులైంది. దుర్మార్గుడి జాడ లేదు. చేతులకు బొబ్బలు మాత్రం ఉన్నాయి.

ఇక తాడో పేడో తేల్చుకుందామని, తాళ్ళశాల పెద్ద ఏకిలమ్మ పక్కకు వచ్చినప్పుడు కదిపాడు. అరవై ఏడేళ్ళ మనిషి, కానీ ఆమె పురి ఎక్కించిన మోకును ఇద్దరు మగాళ్ళు విప్పలేరు.

“కొండోళ్ళు ఆ జెండాను దేవుడిలా చూస్తారంట గదవ్వా. ఏడు వందలమంది దానికింద ప్రాణాలిచ్చారంట. అలాంటిదానికి ఒక తాడిస్తే మనకు పోయేదేముంది?”

ఏకిలమ్మ కోపగించలేదు. పేటను వేళ్ళమధ్య తడిమి చూస్తూ, “ఇచ్చారు నాయనా, అబద్ధమని ఎవరన్నారు,” అంది. “వాళ్ళు నిలబడబట్టే మరువోళ్ళు ఇటు రాలేదు. ఆ ఏడు వందలమందికీ నేనూ దణ్ణం పెడతాను. కానీ ఒకవేళ వస్తే వాళ్ళకు గింజ దొరక్కూడదని, కనుమకు పోయేముందు ఆ రాజు ఇటే వచ్చాడు. గాదెలు తగలెయ్యమన్నాడు. గాదెల్లో మేం దాక్కునున్నాం. అరిచాం. ఆగలేదు. నాకప్పుడు ఏడేళ్ళు. మా అమ్మ నన్నెత్తి ఏట్లోకి విసిరింది. నీళ్ళలోంచి తలెత్తి చూస్తే పొగలో ఎర్రడేగ ఒక్కటే కనపడింది. మా అమ్మ కనపడలేదు.”

ఈ సంగతి ఏ పాటలోనూ లేదు. అయినా తాత పరువు ఊరుకోనివ్వదు కదా. యుద్ధంలో ఒక్కోసారి తప్పదేమోనని, ఒక రాజు ఒక మంచీ ఒక చెడూ చేసి ఉండొచ్చని, కొండసీమవాళ్ళు ఎగరేసేది ఆ మంచికోసమే తప్ప మంటలకోసం కాదని గొణిగాడు.

“అయితే గుడ్డను రెండుగా చింపి, మంచి ముక్క ఒక్కటే ఎగరేస్తాడా ఆ యువరాజు?” అంది ఏకిలమ్మ. తర్వాత, చేతిలోని పేట కిందపెట్టి, నెమ్మదిగా అంది. “ఆ రోజు ఆ జెండాకు కట్టిన తాడు పేనింది ఎవరనుకున్నావు? మా అమ్మే.”

ఏదో ఒకటి చెయ్యాలని జయకేతు ముందున్న తాడు తీసుకుని, బొటనవేలికీ మోచేతికీ మధ్య గబగబా చుట్టసాగాడు. కొండసీమలో అందరూ అలాగే చుడతారు. ఏటిసీమలో ఎవరూ అలా చుట్టరు. మోచేతి చుట్టలో తాడుకు మెలికలు పడి, పడవ కదిలే క్షణాన బిగుసుకుపోతుందని, వాళ్ళు తాడును నేలమీదే, పొద్దు తిరిగే వైపు పరుస్తారు. ఏకిలమ్మ అతని మోచేతికేసి చాలాసేపు చూసింది.

ఇంతలో ఊరిమీద నీడ పడింది.

ఏనుగంత రాబందు ఒకటి రెక్కలు చప్పుడు చేస్తూ దిగి, తాళ్ళశాల నడుమ ఉన్న బరువుమాను మీద వాలింది. కొత్త మోకులకు బండలు వేలాడదీసి బలం చూసే మాను అది, తొంభై మూరల టేకు. రాబందు వీపున ఒక యువకుడున్నాడు. పట్టుదట్టీ, వజ్రాల తలపాగా, కోరమీసం. ఆ ముఖం చూసి జయకేతు నివ్వెరపోయాడు. ఆ ముఖం తనదే.

కానీ వేషం మార్చినవాడు నీడను మార్చలేడు. నేలమీద పడ్డ నీడకు గూని ఉంది, నెత్తిన రెండు పిలకలున్నాయి. భస్మకుడు! రాజవైద్యుడినంటూ కొలువులో చేరి, తండ్రికి మందు పేరుతో బూడిద తినిపిస్తుండగా జయకేతు పట్టుకుని, మెడబట్టి గెంటించిన మాంత్రికుడు. యువరాజు ఎవరికీ చెప్పకుండా కోట విడవడం వాడికి ఎంత వాటమైందంటే, ఖాళీ అయిన ముఖాన్ని తొడుక్కుని, కోటలో ఇనప్పెట్టె తెరిపించి, తిన్నగా వచ్చేశాడు.

మాయజయకేతు చంకలోంచి పసుపుపట్టు గుడ్డ తీసి, మాను కొసన కట్టి విసిరాడు. గాలికి అది చిటపటమంటూ విచ్చుకుంది. అరవై ఏళ్ళు చీకట్లో ఉన్నా రంగు చెదరలేదు. నడుమ ఎర్రడేగ రెక్కలు చాపి ఉంది, గోళ్ళు బంగారు జరీ, కన్ను కెంపు.

జయకేతు ఒళ్ళు పులకరించింది. చిన్నప్పటినుంచి కలగన్న జెండా కదా. ఆ పులకరింత పూర్తికాకుండానే పక్కకు చూశాడు. ఏకిలమ్మ నేలమీద కూలబడి ఉంది. అంతటి మనిషీ రెండు చేతులతో తల కప్పుకుని, ఏడేళ్ళ పిల్లలా ముడుచుకుపోయింది. ఆమే కాదు, ఊళ్ళో జుట్టు నెరిసిన ప్రతివాళ్ళూ నదివైపు పరిగెత్తుతున్నారు. ఎవరూ చెప్పకుండానే, ఆలోచించకుండానే, కాళ్ళే పరిగెత్తుతున్నాయి. ఆ జెండాను కింద నిలబడి చూడటం జయకేతుకు అదే మొదటిసారి.

“పట్టాభిషేకపు మోకు తెచ్చి నా కాళ్ళముందు పెట్టండి,” అన్నాడు మాయజయకేతు. “పెట్టేదాకా ఈ డేగ మేస్తుంది. మా వంశపు చేయి తప్ప ఏ చేయీ దీన్ని దించలేదు, ఏ ఇనుమూ దీన్ని కొయ్యలేదు.”

అన్నాడో లేదో, గుడ్డలోని డేగ కదిలింది. పట్టులోంచి మెడ బయటికి సాచి రెక్క విదిలిస్తే నిప్పురవ్వలు రాలాయి. ఎండిన జనుము మీద నిప్పు పడితే చెప్పాలా? రెప్పపాటులో నాలుగు కుప్పలు అంటుకున్నాయి. కుండలతో నీళ్ళు చల్లారు. నీళ్ళు పడ్డచోటే మంట ఇంకా లేచింది. అంతలో ఒక తల్లి కేక వేసింది. నారశాల దూలాలకు ఉయ్యాలలున్నాయి. పనికొచ్చే తల్లులు బిడ్డల్ని పడుకోబెట్టే తాళ్ళ ఉయ్యాలలు, ముప్ఫైకి తక్కువ కాదు. నారశాల కప్పు అంటుకుంది.

పడవలు నడిపే ఓడయ్య అనే కుర్రవాడు గొడ్డలి నోట కరుచుకుని బరువుమాను ఎక్కాడు. జెండామీద వేటు వేశాడు. గొడ్డలి గాజుముక్కలా పగిలింది. డేగ ఒక్క ముక్కుపోటు పొడిస్తే అంతెత్తునుంచి నారకుప్పమీద పడి, నడుం పట్టుకుని ఉండిపోయాడు.

ఇప్పుడు జయకేతు పని అడకత్తెరలో పోకచెక్కే. వంశపు చేయి దించాలి, ఆ చేయి తనదే. కానీ రత్నకూటపు శాసనం రాతిమీద చెక్కి ఉంది. ఎర్రడేగను దించిన చేతిని మణికట్టుకు తెగనరకాలి, దించినవాడు రాజవంశీయుడైతే సింహాసనం మీద హక్కు వదులుకోవాలి. శాసనం చెక్కించింది కూడా తాతగారే, కనుమకు బయల్దేరేముందు.

ఆలోచించడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేం, ఎందుకంటే అప్పటికే అతను సగం మాను ఎక్కేశాడు. నడుముకూ మానుకూ కలిపి తాడుతో ఉచ్చు వేసుకుని, కొండకొనల్లో తేనెపట్టు కోసేవాళ్ళలాగా ఉచ్చును పైకి జరుపుతూ, మడమలతో తన్నుతూ పాకాడు. నిప్పురవ్వలు వీపున పడి చుర్రుమన్నాయి. తలగుడ్డ కాలితే పీకి పారేశాడు. డేగ ముక్కు భుజంలో దిగింది. పళ్ళు బిగించి దాని మెడ పట్టుకున్నాడు. తాను పట్టుకుంటే అది పట్టుగుడ్డే. వదిలితే డేగ.

రాబందు మీదనుంచి తన ముఖమే తనకేసి వంగింది. భస్మకుడికి వాడెవడో అప్పుడు అర్థమైంది. మొదట దొంగకు తేలు కుట్టినట్టయింది, ఆ తర్వాత పళ్ళికిలించాడు.

“జయకేతూ, దించావా, చేయీ పోతుంది కిరీటమూ పోతుంది. దిగిపో. కాలేది నీ ఊరు కాదు. మీ తాతే నీ చోట ఉంటే రెండోసారి ఆలోచించడు.”

“అందుకే నేనున్నాను,” అన్నాడు జయకేతు, జెండాను రెండు చేతులా పట్టి లాగాడు.

ముడి ఊడింది. ఆకాశం చిరిగినంత చప్పుడైంది. డేగ చివరిసారి కూసి గుడ్డలోకి అణిగిపోయింది. ఊరంతా మంటలు ఊదిన దీపాల్లా ఒక్కసారే ఆరాయి. నారశాలలోకి తోసుకుపోయిన తల్లులు మసిబారిన ఉయ్యాలలను గుండెలకు హత్తుకుని బయటికొచ్చారు. లెక్క చూసుకున్నారు, మళ్ళీ చూసుకున్నారు. ఒక్క బిడ్డా తగ్గలేదు. ఆ ముప్ఫైమందీ కలిసి ఎత్తుకున్న ఏడుపంత కమ్మటి సంగీతం ఆ ఊరు అంతకుముందు వినలేదు.

భస్మకుడు మాత్రం ఊరికే పోయే రకం కాదు. రాబందును కిందికి దూకించి, తాళ్ళశాల అరుగుమీద పసుపు రాసి దాచిన పట్టాభిషేకపు మోకును దాని గోళ్ళకు తగిలించుకుని, పోతూ పోతూ రెక్కతో బరువుమానును విసిరికొట్టాడు. మాను నడిమికి విరిగింది. జయకేతు జెండాతో సహా గిరికీలు కొడుతూ వెళ్ళి నదిలో పడ్డాడు.

మునిగాడు, తేలాడు. నీళ్ళలోంచి తలెత్తి చూశాడు. ఒడ్డునిండా పొగ. ఆ పొగలో ఒక ముసలిమొహం తనకోసం వెతుక్కుంటోంది. అరవై ఏళ్ళ క్రితం ఇక్కడినుంచే తలెత్తి చూసిన పిల్ల ఎవరో అతనికి గుర్తొచ్చి, నీళ్ళలోనే కళ్ళు తిప్పుకున్నాడు.

ఒడ్డుకు చేరాక ఎవరూ చెయ్యందించలేదు. ఊరంతా చుట్టూ నిలబడింది. వంశపు చేయి తప్ప దించలేదని మాంత్రికుడే అరిచి చెప్పాడు కదా. దించింది మల్లడు. అంటే మల్లడు ఎవరు? ఓడయ్య నడుం పట్టుకునే తెడ్డు పైకెత్తాడు. ఎత్తినవాడు దించలేదు, అలాగని కొట్టనూలేదు. అతని చెల్లెలి బిడ్డ ఆ ఉయ్యాలల్లోనే ఉంది.

వాళ్ళు తేల్చుకునేలోపే కొండదారిన కొమ్ములు ఊదారు. మూడు వందల గుర్రాలు ధూళి లేపుకుంటూ వచ్చి ఆగాయి. ముందున్నవాడు సేనాని శూరపాలుడు, యువరాజు ఆజ్ఞమీద తాడు తీసుకుపోవడానికి వచ్చినవాడు. యువరాజంటే ఏ యువరాజో పాపం అతనికి తెలియదు. విరిగిన మానును చూశాడు, జయకేతు చేతిలో తడిసి వేలాడుతున్న పసుపుగుడ్డను చూశాడు, గుర్రం దిగి మోకరిల్లాడు. అతని తాత ఆ ఏడు వందలమందిలో ఒకడు. బండరాయిలాంటి ఆ మనిషి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“దీన్ని దించిన చేయి ఎవరిది?” అన్నాడు లేచి.

“నాది,” అన్నాడు జయకేతు. “శూరపాలా, నేను జయకేతును.”

మసిపట్టిన గోచీవాణ్ణి సేనాని ఎగాదిగా చూశాడు. యువరాజు ఇప్పుడే రాబందు వాహనం మీద మా తలలపైనుంచి కోటకు తరలిపోయారు, నా కళ్ళతో చూశాను అన్నాడు. యువరాజు ప్రాణం పోయినా ఆ జెండా దించడన్నాడు. ఇంకేమీ వినకుండా కత్తి దూశాడు. ఇద్దరు భటులు జయకేతు కుడిచేయి పట్టి విరిగిన మానుమీద ఆనించారు.

అప్పుడు ఏకిలమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

“ఆగు నాయనా. అతను జయకేతే. మా గాదెలు కాల్చినవాడి మనవడు. ఆ సంగతి మాకు తెలిసినంత బాగా ఈ రాజ్యంలో ఇంకెవరికీ తెలీదు. మేం సాక్ష్యం చెబుతాం.”

ఇంతకంటె విడ్డూరం రత్నకూటంలో జరగలేదు. తన జెండాను దేవుడిలా కొలిచేవాళ్ళు నువ్వు కాదంటున్నారు. ఆ జెండా పేరెత్తితే ముడుచుకుపోయేవాళ్ళు నువ్వేనంటున్నారు. శూరపాలుడి కత్తి గాలిలో ఒక్క లిప్తకాలం తటపటాయించింది. ఆ లిప్తకాలం ఏటివాళ్ళకు సరిపోయింది. ఓడయ్య ఈలవేశాడు. నేలమీద నారలో కప్పబడి ఉన్న మోకు ఒకటి రెండు చివరలా ఇరవైమంది లాగితే చటుక్కున మోకాళ్ళెత్తుకు లేచింది. భటులు బోర్లాపడ్డారు, గుర్రాలు వెనకకాళ్ళమీద లేచాయి. ఏకిలమ్మ యువరాజు మెడ పట్టుకుని రేవులోని పడవలోకి నెట్టింది, తెడ్డుతో ఓడయ్య వెనకే ఎక్కాడు.

జయకేతు లేచి, చేతిలోని తడిజెండా ఆమెకేసి చాచాడు. ఇది నాకెందుకు, నువ్వే కాల్చెయ్యి అన్నాడు. నిజంగానే అన్నాడు.

“తగలెయ్యకు, ఎగరెయ్యకు. ఏం చెయ్యాలో రెండు సీమలూ కూర్చుని తేల్చాలి, నువ్వొక్కడివీ కాదు, నేనొక్కదాన్నీ కాదు. వాడి దగ్గర మా తాడుంది, నీ దగ్గర జెండా ఉంది. మూడు రోజుల్లో అవి రెండూ కలిస్తే నీ ముఖానికి కిరీటం పెడతారు, నీ తలకు కాదు. పో. ముందు మా తాడు తెచ్చివ్వు.” కట్టుతాడు విప్పి అతనిమీదికి విసిరింది. “ఈసారి మోచేతికి చుట్టకు. ఇందాకే చూశాను.”

బాణాలు నీళ్ళలో చప్పుడు చేస్తూ పడుతున్నాయి. కోటకు దగ్గరదారి ఒక్కటే, నల్లమడుగు సుడి లోపలి సొరంగం. అందులోకి పోయిన పడవ తిరిగొచ్చిందని ఎవరూ చెప్పగా వినలేదు. తెడ్డు వేస్తున్న ఓడయ్య, పట్టుకో రాజా, అని గొణిగాడు, ఆ మాట అంటున్నానని తానే గమనించకుండా. ముందు నది నల్లబడి, గుండ్రంగా తిరుగుతూ, నోరు తెరిచింది. జయకేతు జెండాను నడుముకు చుట్టుకున్నాడు, పడవ అడుగున కూర్చున్నాడు, తాడును పొద్దు తిరిగే వైపు, ఒక్క మెలిక పడకుండా, చెక్కలమీద పరవడం మొదలుపెట్టాడు. రెండో చుట్ట పూర్తయ్యేసరికి పడవ సుడి అంచు దాటింది.